నల్లా నీటికి న్యాయమైన, నిలకడైన ధర నిర్ణయించడం ఎలా?

హైదరాబాద్‌లో ఒకే వీధిలో, ఒకే రోజున నీటికి మూడు ధరలు కనిపిస్తాయి. మీటరు బిగించుకొని, కనెక్షన్ నంబరును ఆధార్‌తో అనుసంధానం చేసుకున్న ఇంటికి నెలకు 20 కిలోలీటర్ల వరకు, అంటే 20 వేల లీటర్ల వరకు, నల్లా నీరు ఉచితం. నల్లా లేని పొరుగింటివారు ఐదు వేల లీటర్ల ప్రైవేటు ట్యాంకరుకు వెయ్యి రూపాయలు ఇస్తే వారికి కిలోలీటరు 200 రూపాయలకు పడుతుంది. ఆ ఇంటి మేడమీది గదిలో అద్దెకుంటూ, తాగడానికి 20 లీటర్ల డబ్బాను 20 రూపాయలకు కొనుక్కునే కూలికి అదే కిలోలీటరు వెయ్యి రూపాయలు. సాధారణంగా ఈ ముగ్గురిలో ఎవరి ఆదాయం తక్కువో వారు కొనే నీటికే ధర ఎక్కువ. అందువల్ల నీటి ధరపై చర్చ బిల్లును ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్న దగ్గర మొదలైతే అసలు విషయం పక్కకు పోతుంది. నీరు ఇంటికి చేరడానికి నిజంగా ఎంత ఖర్చవుతోంది, ఆ ఖర్చును ఇప్పుడు ఎవరు మోస్తున్నారు, నల్లా లేనివారు ఎంత చెల్లిస్తున్నారు అన్న మూడింటినీ ముందుగా కాగితం మీద పెట్టాలి.

పురపాలక సంఘాల్లో నీటి పన్ను నిర్ణయించేవారికి, వార్డు కమిటీల్లో మాట్లాడేవారికి, సొంతంగా బోర్లు, ట్యాంకర్లు, బోర్డు నీరు కలిపి నడుపుకునే కాలనీ సంఘాలకు ఉపయోగపడేలా ఈ పద్ధతిని వివరిస్తున్నాను. పట్టణం చిన్నదైనా పెద్దదైనా లెక్క వేసే క్రమం ఒక్కటే.

ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడం

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద జలాశయాలు కట్టారు. 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ అవే. ఉస్మాన్‌సాగర్ నీరు వాలు వెంట దానంతటదే ఆసిఫ్‌నగర్ శుద్ధి కేంద్రానికి చేరేది; దాన్ని ఎత్తిపోయడానికి కరెంటు అవసరం లేదు. నగరం పెరిగిన కొద్దీ మంజీరా, సింగూరు నీటిని, ఆ తరువాత వంద కిలోమీటర్లకు మించిన దూరం నుంచి కృష్ణా, గోదావరి నీటిని తెచ్చుకోవలసి వచ్చింది. నేడు హైదరాబాద్ నీటి ధరను అర్థం చేసుకోవాలంటే ఈ ఒక్క మార్పును అర్థం చేసుకుంటే చాలావరకు సరిపోతుంది: వాలుకు పారిన నీటి స్థానంలో, గుట్టలెక్కించిన నీరు వచ్చింది.

దీన్ని ఎవరైనా స్వయంగా లెక్కించి చూడవచ్చు. కృష్ణా నీరు తీసుకునే నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. గోదావరి నీరు తీసుకునే ఎల్లంపల్లి జలాశయం పూర్తి మట్టం 148 మీటర్లు. హైదరాబాద్ నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. కిలోలీటరు నీరు ఒక టన్ను బరువు. దాన్ని 350 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి పంపులో, మోటారులో ఏ నష్టమూ లేకపోయినా 0.95 యూనిట్ల కరెంటు కావాలి. పంపూ మోటారూ కలిపి 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తే అది 1.36 యూనిట్లు అవుతుంది. వంద కిలోమీటర్ల పైపులో రాపిడికి పోయేది కూడా కలిపితే ఒకటిన్నర యూనిట్లు దాటుతుంది. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా, శుద్ధి చేయకముందే, జీతం ఇవ్వకముందే, ఒక్క పైపు మరమ్మతు కూడా చేయకముందే కిలోలీటరు మీద తొమ్మిది రూపాయల కరెంటు ఖర్చు పడుతుంది. నీళ్లు ఆకాశం నుంచి వస్తాయి గనుక వాటికి ధరేమిటని అడిగేవారికి ఈ లెక్క చూపించడం మంచిది. ధర నీటికి కాదు, ఆ ఎత్తుకూ దూరానికీ.

కరెంటు తరువాత రాయవలసినవి జీతాలు, పటిక, క్లోరిన్ వంటి రసాయనాలు, లీకేజీలు, వాల్వులు, పంపుల మరమ్మతులు, కార్యాలయ ఖర్చులు. ఇక్కడి వరకు ప్రతి సంస్థా రాస్తుంది. తరచుగా రాయనిది పాత పైపుల మార్పిడి ఖర్చు. పైపు వేసిన రోజునుంచే పాతబడుతుంది. ఏటా కొంత పక్కన పెట్టకపోతే, అది పగిలే నాటికి దాన్ని మార్చడానికి డబ్బు ఉండదు, కొత్త అప్పు చేయాలి, ఆ అప్పు వడ్డీ మళ్లీ ధరలోకే వస్తుంది. చాలా పట్టణాల్లో నీటి ధర తక్కువగా కనిపించడానికి కారణం సామర్థ్యం కాదు, ఈ పద్దును వదిలేయడమే. ఈ తరం తక్కువ చెల్లించి, తుప్పు పట్టిన పైపులను తరువాతి తరానికి అప్పగించడాన్ని నేను న్యాయం అనలేను.

మురుగునీటి ఖర్చును వేరే ఖాతాలో రాయాలి. ఇంటికి చేరిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజినీర్లు లెక్క కడతారు. దాన్ని శుద్ధి చేయకుండా మూసీలోకి వదిలితే ఖర్చు తప్పినట్టు కాదు, దిగువ ఊళ్ల మీదికి తోసినట్టు. నీటి బిల్లులో కొంత శాతంగా మురుగు రుసుము వసూలు చేసే పద్ధతి మంచిదే గానీ, దాని ఆదాయమూ ఖర్చూ విడిగా చూపించకపోతే ఏ ఖాతాలో నష్టం వస్తోందో ఎవరికీ తెలియదు.

లెక్కకు రాని నీరు, వసూలు కాని బిల్లు

ఇక్కడ కొంచెం ఆగి ఒక ఉదాహరణను పూర్తిగా చూడాలి, ఎందుకంటే ధరలో అతిపెద్ద తేడా వచ్చేది ఈ దశలోనే. అంకెలు ఊహించినవే, మీ పట్టణపు అంకెలు వేసుకొని ఇదే వరసలో లెక్కించవచ్చు.

ఒక పట్టణం రోజుకు 40 వేల కిలోలీటర్ల నీరు పంపుతోందనుకుందాం. ఏడాదికి అది 1.46 కోట్ల కిలోలీటర్లు. కరెంటు 14 కోట్లు, జీతాలు 7 కోట్లు, రసాయనాలు కోటిన్నర, మరమ్మతులు 5 కోట్లు, కార్యాలయం కోటిన్నర, పైపుల మార్పిడి నిధి 8 కోట్లు, అప్పు వాయిదాలు 4 కోట్లు కలిపి ఏడాది ఖర్చు 41 కోట్ల రూపాయలు. పంపిన నీటితో భాగిస్తే కిలోలీటరుకు 28 రూపాయలు. అయితే పంపిన నీరంతా బిల్లులోకి రాదు. లీకేజీలు, దొంగ కనెక్షన్లు, పనిచేయని మీటర్ల వల్ల 35 శాతం లెక్కకు రాకుండా పోతే బిల్లు అయ్యేది 94.9 లక్షల కిలోలీటర్లే. అప్పుడు ఖర్చు కిలోలీటరుకు 43 రూపాయల 20 పైసలకు చేరుతుంది. వేసిన బిల్లుల్లో 80 శాతమే వసూలైతే, చెల్లించేవారి మీద పడేది 54 రూపాయలు. అంటే 28కీ 54కీ మధ్యనున్న 26 రూపాయలు నీటి ఖర్చు కాదు, నిర్వహణ లోపానికి నిజాయితీగా బిల్లు కట్టేవారు చెల్లించే జరిమానా.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో ప్రకటించిన సేవా ప్రమాణాల ప్రకారం లెక్కకు రాని నీరు 20 శాతానికి మించకూడదు, బిల్లుల వసూలు 90 శాతానికి తగ్గకూడదు. అవే ప్రమాణాలు మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరాను, నూరు శాతం మీటర్లను, నిర్వహణ ఖర్చు పూర్తిగా రాబట్టడాన్ని కూడా లక్ష్యాలుగా పెట్టాయి. మన ఉదాహరణలోని పట్టణం ఆ రెండు అంకెలను అందుకుంటే కిలోలీటరు ధర 54 నుంచి 39 రూపాయలకు దిగుతుంది. కనుక ధర పెంచాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు పౌరులు మొదట అడగవలసినది ఈ రెండు అంకెలే. ఈ ఏడాది లెక్కకు రాని నీరు ఎంత, వచ్చే ఏడాదికి ఎంతకు తగ్గిస్తారు? ధర నిర్ణయించేటప్పుడు ఉన్న నష్టాన్ని కాకుండా, ఏటేటా తగ్గవలసిన నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి. లక్ష్యం తప్పితే ఆ భారం సంస్థదీ, దాన్ని నడిపే ప్రభుత్వానిదీ కావాలి తప్ప వినియోగదారునిది కాకూడదు.

ఇది జరగని పని కాదు. కంబోడియా రాజధాని నాంపెన్‌లో 1993 నాటికి లెక్కకు రాని నీరు 72 శాతం. ఎక్ సోన్ చాన్ అనే ఇంజినీరు ఆ సంస్థ బాధ్యత తీసుకొని, ప్రభుత్వ కార్యాలయాలతో, పలుకుబడి ఉన్నవారి ఇళ్లతో సహా అందరికీ మీటర్లు పెట్టించి, బిల్లులు కట్టించి, పదిహేనేళ్లలో దాన్ని సుమారు 6 శాతానికి తెచ్చారు. పేదలకు కనెక్షన్ రుసుములో రాయితీలు ఇచ్చారు. 2006లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ విజయంలో నన్ను ఆకట్టుకునేది సాంకేతికత కన్నా వరస: ముందు పెద్దల బకాయిలు వసూలు చేశారు, సేవ మెరుగుపరిచారు, ఆ తరువాతే ధరలు సవరించారు.

మీటర్ల విషయంలో మన నగరంలో చిక్కు ఒకటుంది. రోజు విడిచి రోజు నీరు వదిలే చోట, వాల్వు తిప్పగానే ముందుగా పైపులోని గాలి బుస్సుమంటూ వస్తుంది, చుక్క నీరు పడకముందే మీటరు ముల్లు తిరుగుతుంది. వినియోగదారుడు తన కళ్లముందే గాలికి బిల్లు పడటం చూస్తాడు. ఇక ఆ మీటరును నమ్మమంటే ఎలా నమ్ముతాడు? ప్రధాన లైన్లలో గాలి బయటికి పోయే వాల్వులు సరిగా పనిచేసేలా చూడటం, మీటరును సంస్థే సొంత ఖర్చుతో పెట్టి చిన్న నెలసరి అద్దెగా రాబట్టుకోవడం, తలుపు తాళం వేసి ఉందని నెలల తరబడి సగటు బిల్లు వేసే అలవాటును మానడం ధరల పట్టిక కన్నా ముందు జరగాలి.

శ్లాబులు, అంటే వాడకాన్ని బట్టి మారే ధరల అంచెలు, మనుషులను చూసి కట్టాలి

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010 జులై 28న సురక్షితమైన తాగునీటిని, పారిశుద్ధ్యాన్ని మానవ హక్కుగా గుర్తించింది. హక్కు అన్నంత మాత్రాన ఎంత వాడినా ఉచితమని కాదు. కనీస అవసరానికి సరిపడే నీరు డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ అందకుండా పోకూడదని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మనిషికి రోజుకు 50 నుంచి 100 లీటర్ల నీరుంటే తాగడం, వంట, స్నానం, బట్టలు వంటి ప్రాథమిక అవసరాలు తీరతాయి. ఐదుగురి కుటుంబానికి మనిషికి 50 లీటర్ల చొప్పున నెలకు ఏడున్నర కిలోలీటర్లు. దక్షిణాఫ్రికా 2001 నుంచి కుటుంబానికి నెలకు ఆరు కిలోలీటర్ల ఉచిత నీటి విధానం అమలు చేసింది.

హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైన ఉచిత తాగునీటి పథకం పరిమితి 20 కిలోలీటర్లు. ఐదుగురి కుటుంబం పూర్తి ప్రమాణమైన 135 లీటర్ల చొప్పున వాడితే నెలకు అయ్యేది 20.25 కిలోలీటర్లు. అంటే ఈ పథకం ఇస్తున్నది కనీస అవసరం కాదు, దాదాపు మొత్తం అవసరం. ఇద్దరే ఉండే విల్లాకు కూడా అదే 20 కిలోలీటర్లు. అక్కడ మనిషికి రోజుకు 333 లీటర్లు ఉచితంగా వెళ్తాయి. ఈ పథకం ఎందరో మధ్యతరగతి, పేద కుటుంబాల నెల ఖర్చును తగ్గించిందన్నది కాదనలేం. అయినా కొత్తగా ధరలు నిర్ణయించుకునే ఏ పట్టణానికైనా నా సూచన ఇది: అందరికీ అతి తక్కువ ధరకు ఇచ్చే మొదటి శ్లాబును కుటుంబానికి 8 లేదా 10 కిలోలీటర్ల దగ్గర ఆపాలి, ఆపైన పేద కుటుంబాలకు మాత్రమే అదనపు రాయితీ ఇవ్వాలి. అందరికీ అంతా ఉచితమైతే, ఆ డబ్బుతో వేయవలసిన కొత్త లైన్లు పడవు. ఆ లైన్ల కోసం ఎదురుచూసేది నల్లా లేనివారే.

శ్లాబుల్లో దాగిన అన్యాయం ఇంకొకటుంది. నగరంలో ఒకే ఇంటిలో నాలుగు పోర్షన్లు, ఒకే నల్లా, ఒకే మీటరు ఉండటం మామూలే. పోర్షనుకు నలుగురు చొప్పున 16 మంది, మనిషికి రోజుకు 100 లీటర్లే వాడినా నెలకు 48 కిలోలీటర్లు అవుతుంది. వాడకం పెరిగిన కొద్దీ ధర పెరిగే పట్టికలో ఈ ఇల్లు పై శ్లాబులో పడుతుంది. పొదుపుగా వాడిన అద్దెదారులే ఎక్కువ ధర చెల్లిస్తారు. పైగా యజమాని ఆ బిల్లును పోర్షన్లకు పంచేటప్పుడు ఉచిత భాగం ఎవరికి దక్కిందో ఎవరికీ తెలియదు. అపార్ట్‌మెంట్లకు ఫ్లాట్ల సంఖ్యను బట్టి ఉచిత పరిమితిని లెక్కించే పద్ధతి నగరంలో ఇప్పటికే ఉంది. అదే సూత్రాన్ని పోర్షన్ల ఇళ్లకూ విస్తరించాలి. కనెక్షన్‌కు శ్లాబు అని కాకుండా కుటుంబానికి శ్లాబు అని రాసి, వంటగదుల సంఖ్యను లేదా విడి కరెంటు మీటర్ల సంఖ్యను ఆధారంగా తీసుకుంటే అబద్ధపు లెక్కలకు పెద్దగా అవకాశం ఉండదు.

శ్లాబు హద్దు దాటగానే మొత్తం నీటికి పాత రాయితీ రద్దయ్యే పద్ధతి పెట్టకూడదు. ఢిల్లీలో 20 కిలోలీటర్ల హద్దును కొంచెం దాటినా మొత్తం వాడకానికి బిల్లు పడుతుంది. ఒక్క బంధువు వారం రోజులు ఉండి వెళ్తే ఆ నెల కుటుంబం మీద భారం ఒక్కసారిగా పెరుగుతుంది. దాటిన నీటికి మాత్రమే పై ధర వర్తించాలి.

ఇప్పుడు మన ఉదాహరణ పట్టణానికి పట్టిక కట్టి చూద్దాం. నష్టాలు 20 శాతానికి తగ్గాయి, బిల్లయ్యే నీరు 1.168 కోట్ల కిలోలీటర్లు. కుటుంబానికి మొదటి 8 కిలోలీటర్లు 8 రూపాయల చొప్పున, 8 నుంచి 20 వరకు 40 రూపాయలు, ఆపైన 65 రూపాయలు, వాణిజ్య కనెక్షన్లకు 75 రూపాయలు పెట్టామనుకుందాం. మొత్తం వాడకంలో ఈ నాలుగింటి వాటా వరుసగా 40, 30, 15, 15 శాతం అయితే సగటు ధర 36 రూపాయల 20 పైసలు వస్తుంది. 90 శాతం వసూలైతే చేతికొచ్చేది దాదాపు 38 కోట్లు. ఖర్చు 41 కోట్లు కనుక తగ్గేది 3 కోట్లు. ఈ మూడు కోట్లే రాయితీ. దాన్ని బడ్జెట్‌లో ఒక పద్దుగా రాసి, పట్టణ పాలక సంస్థ లేదా రాష్ట్ర ప్రభుత్వం మూడు నెలలకోసారి ముందుగానే నీటి సంస్థకు చెల్లించాలి. ప్రకటించిన రాయితీకి డబ్బు విడుదల కాకపోతే సంస్థ మొదట ఆపేది మరమ్మతులనే. ఆ నష్టం వేసవి నాటికి కలుషిత నీరుగా బస్తీల్లో బయటపడుతుంది.

ఈ పట్టికలో 12 కిలోలీటర్లు వాడే కుటుంబానికి బిల్లు 224 రూపాయలు, 20 వాడితే 544, 30 వాడితే 1,194. నీటికి, పారిశుద్ధ్యానికి కలిపి కుటుంబ ఆదాయంలో 3 శాతం మించకూడదన్న కొలమానం అంతర్జాతీయంగా వాడుకలో ఉంది. నెలకు 15 వేల రూపాయలు సంపాదించే ఇంటికి అది 450 రూపాయలు. అయితే ఈ పరీక్ష చేసేటప్పుడు నల్లా బిల్లును మాత్రమే చూస్తే చాలదు. ట్యాంకరు, తాగునీటి డబ్బాలు, నీటిని పైకి ఎక్కించే మోటారు కరెంటు, రోజు విడిచి రోజు వచ్చే నీటిని దాచుకోవడానికి కట్టిన సంపు ఖర్చు అన్నీ కలపాలి. నల్లాలో ఒత్తిడి లేక, నేలలో గుంత తీసి పైపును కిందికి దించి, చెంబుతో తోడి బిందె నింపుకునే బస్తీల్లో ఆడవారు గంటల తరబడి పడే శ్రమకు ఏ పట్టికలోనూ గడి లేదు, కానీ అదీ ధరే.

స్థిర రుసుము, వ్యాపార వాడకం, బోరు నీరు

జీతాలు, పైపులు, అప్పులు నీరు ఎంత వాడినా మారని ఖర్చులు కనుక స్థిర రుసుము పెంచమని లెక్కల అధికారులు కోరతారు. అది సంస్థకు స్థిరమైన ఆదాయమే గానీ, తక్కువ వాడేవారి మీద పడే భారమూ అదే. అర అంగుళం కనెక్షన్‌కు నామమాత్రంగా ఉంచి, పైపు సైజు పెరిగిన కొద్దీ స్థిర రుసుము పెరిగేలా చూడటం సబబు.

వాణిజ్య ధరకు హద్దు ఉండాలి. హోటళ్లు, ఆసుపత్రులు, హాస్టళ్ల మీద మోయలేనంత ధర వేస్తే వారు బోరు వేసుకుంటారు లేదా ట్యాంకరు పిలుస్తారు. అప్పుడు సంస్థకు మంచి ఆదాయమిచ్చే వినియోగదారు పోతాడు, భూగర్భజలమూ అడుగంటుతుంది, అదే బోరు నీరు మురుగుగా మారి రుసుము లేకుండా ప్రజల డ్రైనేజీలోకే వస్తుంది. అందువల్ల వాణిజ్య ధరను ట్యాంకరు ధరకు బాగా దిగువనే ఉంచి, మురుగు రుసుమును మాత్రం నల్లా నీరు, బోరు నీరు, ట్యాంకరు నీరు అన్న తేడా లేకుండా బయటికి వదిలే పరిమాణాన్ని బట్టి వేయాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం బోర్ల నమోదును కోరుతున్నందున దానికి చట్టపరమైన పునాది కొంత ఉన్నట్టే. ఇంకుడు గుంతలు నిజంగా పనిచేస్తున్న భవనాలకు ఈ రుసుములో తగ్గింపు ఇస్తే, కాగితం మీది గుంతల కన్నా నేలలోని గుంతలు పెరుగుతాయి.

నల్లా లేనివారిని కలుపుకోవడం

ఎంత న్యాయమైన పట్టికైనా నల్లా ఉన్నవారికే వర్తిస్తుంది. బయట ఉన్నవారికి అసలు అడ్డంకి నెల బిల్లు కాదు, మొదట్లో కట్టవలసిన మొత్తం: కనెక్షన్ రుసుము, రోడ్డు తవ్వకం, పైపు, ప్లంబరు, మీటరు, వీటన్నింటికీ ముందు ఇంటి కాగితాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు రూపాయికే నల్లా కనెక్షన్ ఇచ్చిన అనుభవం హైదరాబాద్‌కు ఉంది. దానికి తోడు మిగిలిన ఖర్చును 24 లేదా 36 నెలల వాయిదాలుగా బిల్లులో కలపాలి. పట్టా లేదని కనెక్షన్ నిరాకరించకుండా, నల్లా ఇవ్వడం స్థలంపై హక్కు ఇచ్చినట్టు కాదని దరఖాస్తులోనే స్పష్టంగా రాయించుకోవాలి. ఇక లైను వేయడానికి ఏళ్లు పట్టే శివారు కాలనీల్లో, ఆలస్యం వినియోగదారుని తప్పు కాదు గనుక, సంస్థ పంపే ట్యాంకరు నీటిని మొదటి శ్లాబు పరిమితి మేరకు మొదటి శ్లాబు ధరకే ఇవ్వాలి. అలా ఇస్తే సంస్థకు ఖర్చు ఎక్కువే. లైను త్వరగా వేయడానికి అంతకన్నా బలమైన కారణం దానికి మరొకటి ఉండదు.

విచారణ, సవరణ, బిల్లు

కరెంటు ధర పెంచాలంటే విద్యుత్ నియంత్రణ మండలి ముందు పంపిణీ సంస్థలు తమ ఖర్చు లెక్కలు పెట్టాలి, బహిరంగ విచారణలో ఎవరైనా లేచి ప్రశ్నించవచ్చు. నీటి ధరకూ అదే పద్ధతి కావాలి. పైన చెప్పిన ఖర్చు పద్దు, లెక్కకు రాని నీటి శాతం, వసూళ్లు, ప్రభుత్వ కార్యాలయాల బకాయిలు, రాయితీ మొత్తం ఈ ఐదింటినీ తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసి, నెల రోజుల ముందు వార్డు కార్యాలయాల్లో ఉంచి, ఆ తరువాత విచారణ జరపాలి. విచారణను కార్యాలయ వేళల్లో పెడితే కూలికి వెళ్లేవారు రాలేరు; ఆదివారం ఉదయం బస్తీ కమ్యూనిటీ హాలులో పెట్టాలి.

సవరణ ఏటా కొద్దిగా ఉండటమే మేలు. పదేళ్లు ధర కదపకుండా ఉంచి, అప్పులు మీద పడ్డాక ఒక్కసారిగా పెంచితే జనం తిరగబడతారు. బొలీవియాలోని కొచబాంబాలో ప్రైవేటు సంస్థకు నీటి సరఫరా అప్పగించి ధరలు ఒక్కసారిగా పెంచినప్పుడు 2000లో పెద్ద ఉద్యమం లేచి, ఏప్రిల్‌లో ఆ ఒప్పందాన్ని రద్దు చేయవలసి వచ్చింది. కరెంటు ధర, కరువు భత్యం ఎంత మారాయో దాన్నిబట్టి ఏటా సవరించే సూత్రాన్ని ముందే ప్రకటించి, లెక్కకు రాని నీటిని లక్ష్యం మేరకు తగ్గించని ఏడాది ఆ పెంపును నిలిపివేయాలి. మొదటి శ్లాబును మాత్రం ఈ సూత్రం నుంచి మినహాయించి, దాన్ని మార్చాలంటే పాలకమండలి తీర్మానం తప్పనిసరి చేయాలి.

బిల్లు మీద కట్టవలసిన మొత్తం ఒక్కటే ఉంటే చాలదు. ఈ నెల మీ ఇంటికి వచ్చిన నీరు ఇన్ని కిలోలీటర్లు, దానికి అయిన అసలు ఖర్చు ఇంత, ప్రభుత్వం భరించినది ఇంత, మీరు కట్టవలసినది ఇంత అని నాలుగు వరసలు ఉండాలి. సున్నా బిల్లు వచ్చే ఇంటికి ఇది మరీ అవసరం. తనకు అందే నీటి విలువ తెలిసినవారు లీకవుతున్న ట్యాంకు ఫ్లోటు వాల్వును మార్చుకుంటారు, వీధిలో పైపు పగిలితే ఫిర్యాదు చేస్తారు.

బకాయి పడ్డ ఇంటికి నల్లా పూర్తిగా కోయడం సరికాదు. చిన్న రంధ్రమున్న బిళ్లను పైపులో బిగించి, మనిషికి 50 లీటర్లకు సరిపడే ధారను మాత్రం వదలవచ్చు. బకాయిని వాయిదాల్లో కట్టే అవకాశమిచ్చి, ఒప్పందం కుదిరిన రోజే ఆ బిళ్ల తీసేయాలి. పెద్ద బకాయిదారులైన కార్యాలయాలకు, వాణిజ్య సముదాయాలకు ఈ వెసులుబాటు అక్కర్లేదు. నోటీసు గడువు ముగియగానే వారి కనెక్షన్ తొలగించవచ్చు. ఏడాది తిరిగాక పట్టికను మళ్లీ తెరిచి, మొదటి శ్లాబులోని ఇళ్లలో ఎన్ని బిల్లులు గడువులోగా కట్టారు, కొత్తగా ఎన్ని ఇళ్లకు నల్లా వచ్చింది, ట్యాంకరు ట్రిప్పులు ఎన్ని తగ్గాయి, మార్పిడి నిధిలో వేస్తామన్న 8 కోట్లు నిజంగా వేశారా అన్నవి వార్డుల వారీగా సరిచూసుకొని, ఏ వార్డులో అంకెలు కదలలేదో అక్కడి నుంచే మరుసటి ఏడాది పనులు మొదలుపెట్టాలి.